వెచ్చని గోడల కోట

వింటర్‌ఫెల్ అనే కోట ఈ భూమి మీద ఎక్కడా లేదు. అయినప్పటికీ దాని అగడ్త ఎక్కడ ఉన్నదో, నేలమాళిగలోకి మెట్లు ఎలా దిగుతాయో, ఏ బురుజు ఎక్కితే ఏ పెరడు కనిపిస్తుందో చెప్పగలవారు నేడు దేశదేశాలలో లెక్కకు మిక్కిలిగా ఉన్నారు. మన ఇళ్ళలోనూ ఉన్నారు. అనుమానమైతే కాలేజీలో చదివే మీ పిల్లల్ని అడిగి చూడండి. అమెరికా రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ గారు "ఏ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్" అనే పేరున వ్రాస్తున్న నవలల వరుసలోనిది ఈ కోట. అందులో మొదటి నవల "ఏ గేమ్ ఆఫ్ థ్రోన్స్" 1996లో వెలువడింది. 2011 నుంచి 2019 వరకు ఆ కథనే 73 భాగాలుగా టెలివిజనులో చూపించారు. దానితో పుస్తకం ముట్టనివారి నోళ్ళలో కూడా కోట పేరు పడింది.

నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికేవాణ్ణి. ఈ డ్రాగన్ల కథలతో నీకేమి పని అని మా స్టాఫు రూములో ఒకరిద్దరు అడగకపోలేదు. నిజానికి డ్రాగన్ల మీద నాకంత మోజు లేదు. యుద్ధాల పుటలు కొన్ని త్వరత్వరగా తిప్పివేసిన మాట కూడా వాస్తవమే. నన్ను పట్టి కూర్చోబెట్టినది ఆ కోట. కోట అనడం కంటె ఇల్లు అనడమే సబబు. ఒక కుటుంబం తరతరాలుగా కాపురమున్న ఇల్లు, అది పోవడం, దాని కోసం ఆ పిల్లలు నానా దిక్కులా కొట్టుకుపోవడం — నా మట్టుకు నాకు ఆ వేల పుటల కథ అంతా ఇదే.

మన ప్రబంధాలలో పురవర్ణన తప్పనిసరి. మనుచరిత్ర తీసుకోండి, అరుణాస్పదపురంతోనే మొదలవుతుంది. కోట కొమ్మలు ఆకాశాన్ని ఒరుసుకుంటాయి, అగడ్త పాతాళం దాకా దిగుతుంది, మేడలమీది స్త్రీలకు చంద్రుడు చేతికందుతాడు. ఆ వైభవం వేరు. ఏటేటా దాన్ని పాఠం చెబుతూ ఆనందిస్తూనే ఉన్నాను. కాని ఆ ఊళ్ళో వంటిల్లు ఎక్కడో, చలికాలం స్నానానికి నీళ్ళు ఎక్కడివో కవి చెప్పడు, మనం అడగం. మార్టిన్ గారు చెబుతాడు. చూడబోతే అక్కడినుంచే మొదలుపెట్టాడేమో అనిపిస్తుంది.

ఆ కథాలోకంలో ఋతువులు మనవాటివలె నెలల్లో పోవు. వేసవి వస్తే కొన్నేళ్ళు, చలికాలం వస్తే కొన్నేళ్ళు. అటువంటి లోకంలో ఉత్తరాదిన, వేసవిలో కూడా మంచు రాలే చోట ఉన్నది వింటర్‌ఫెల్. దానిని ఎనిమిదివేల సంవత్సరాల నాడు బ్రాండన్ అనే నిర్మాత కట్టాడని అక్కడివారి ఐతిహ్యం. రెండు ప్రాకారాలు, వెలుపలిది 80 అడుగులు, లోపలిది 100 అడుగులు, నడుమ అగడ్త. ఇదంతా ఏ కోటకైనా ఉండేదే. విశేషమేమంటే దానిని వేడినీటి ఊటల మీద కట్టారు. ఆ నీటిని గోడల లోపలినుంచి గొట్టాల ద్వారా గదిగదికీ నడిపించారు, ఒంట్లో నెత్తురు నడిచినట్లు. బయట మంచు పేరుకుని ఉంటే లోపల గోడ మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంటుంది. అద్దాల కప్పు వేసిన తోటలున్నాయి. ఆ వేడికే అక్కడ చలికాలంలో కూరగాయలు పండుతాయి. కోట గుమ్మం ముందు ఒక పేట ఉంది. వేసవిలో చాలామటుకు ఇళ్ళు ఖాళీ. చలి ముదిరేసరికి పల్లెల వాళ్ళంతా మూటాముల్లె సర్దుకుని వచ్చి అక్కడ చేరతారు, కోటను ఆనుకుని బ్రతుకుతారు. ఇది పూర్తిగా కల్పన అనుకోనక్కరలేదు. ఐస్‌లాండు దేశంలో నేడు పదింట తొమ్మిది ఇళ్ళు భూమిలోని వేడితోనే వెచ్చబడుతున్నాయి.

ఒక సాయంత్రం ఈ సంగతి మా అమ్మకు చెబుతున్నాను. ఆవిడ యుద్ధాల భాగం ఊఁ కొడుతూ విని, "ఒరే, అంత చలిలో ఆ పిల్లలకి నీళ్ళు ఎవరు కాచిపెడతారురా?" అన్నది. గోడల్లో వేడినీళ్ళ సంగతి చెప్పాను. "అలా చెప్పు. కట్టినవాడు సంసారం తెలిసినవాడు" అని తృప్తిపడింది. ఎనిమిదివేల ఏళ్ళ నాటి ఆ బ్రాండన్ మహారాజుకు ఇంతకన్న మంచి యోగ్యతాపత్రం ఎవరిస్తారు?

కోటను ఒకేసారి కట్టలేదు. నేల చదును చేయకుండా మిట్టలూ పల్లాలూ అలాగే ఉంచి కట్టుకుంటూ పోయారు. అందుచేత ఒక బురుజు నాలుగో అంతస్తు నుంచి వంతెన మీదుగా నడిస్తే పక్క బురుజు రెండో అంతస్తులో తేలతాం. దక్షిణ ద్వారం దగ్గర గోడలోపలి సొరంగంలో దూరినవాడు ఉత్తర ద్వారం దగ్గర నేలమట్టానికి వచ్చి తలెత్తితే నూరడుగుల గోడ నెత్తిమీద నిలబడి ఉంటుంది. ఈ రహస్యాలన్నీ తెలిసినవాడు ఏడేళ్ళ కుర్రవాడు, బ్రాన్. గోడలెక్కడం వాడికి సరదా. పిడుగు పడి పైభాగం విరిగిన పాత బురుజు ఒకటి ఉంది. దాన్ని ఎక్కడానికి పోతూ వాడు చూడరానిది చూస్తాడు. చూసినందుకు వాణ్ణి కిందకు తోసేస్తారు. ప్రాణం దక్కుతుంది కాని కాళ్ళు పోతాయి. కోటను అందరికంటె ఎక్కువగా ప్రేమించిన పిల్లవాడికే ఈ గతి పట్టించడం నాకు మొదట క్రూరంగా తోచింది. తరువాత తరువాత రచయిత ఎందుకలా చేశాడో అర్థమైంది. ఆ సంగతి ముందుకు చెబుతాను.

ఈ ఇంటికి కాపురానికి వచ్చిన కోడలు కాట్లిన్. ఆమె పుట్టిల్లు దక్షిణాన నదుల నడుమ ఉన్న కోట. ముందు ఆమెను ఈ ఇంటి పెద్దకొడుకుకు ఇస్తామనుకున్నారు. అతణ్ణి రాజు చంపించాడు. అన్న స్థానంలో తమ్ముడు నెడ్ ఆమెను పెళ్ళాడాడు. ఆమె పుట్టింట దేవతల వనమంటే ఎండ పడే పూలతోట. ఇక్కడి దేవతల వనం మూడెకరాల చీకటి. నడిమధ్య నల్లని మడుగు, దాని ఒడ్డున తెల్లని మాను, ఆ మానుకు చెక్కిన ముఖం, ఆ ముఖానికి ఎర్రని కన్నీళ్ళలా జిగురు. అయిదుగురు పిల్లల్ని కన్న తరువాత కూడా కాట్లిన్‌కు ఆ వనంలో అడుగుపెడితే పరాయిచోటే అనిపిస్తుంది. భర్త ఆమె కోసం పుట్టింటి దేవతలకు చిన్న గుడి కట్టించాడు. కోటలోకెల్లా వెచ్చని పడకగది ఆమెకిచ్చాడు. తనకు మాత్రం ఆ వేడి పడదు. గదిలోకి రాగానే కిటికీలు బార్లా తెరుస్తాడు. ఆమె వణుకుతుంది. ఈ కిటికీ ముచ్చట చదివి, ఇటువంటి మొగుడూ పెళ్ళాలను ఎక్కడో చూశామే అనుకోని ఇల్లాలు ఉంటుందా! మా అమ్మ మాత్రం, "పుట్టింటి దేవుణ్ణి తెచ్చుకోనిచ్చాడు కదా, మంచివాడే" అని తీర్పు చెప్పి ఊరుకుంది.

అదే కోటలో కాట్లిన్ మనసు విప్పని మూల ఒకటున్నది. భర్త యుద్ధం నుంచి తెచ్చి, తన కొడుకేనని చెప్పి పెంచిన పిల్లవాడు జాన్. ఆ లోకపు ఆచారం ప్రకారం వాడికి ఇంటిపేరు లేదు. ఉత్తరాదిన అటువంటివాళ్ళందరికీ పెట్టే "స్నో" అన్న పేరే వాడిదీనూ. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ కత్తులాట ఆడుకుంటూ పేర్లు చెప్పుకుంటుంటే, జాన్ తాను వింటర్‌ఫెల్ ప్రభువునని కేక వేస్తాడు. రాబ్ ఆట ఆపి, నువ్వు ఎన్నటికీ కాలేవట, మా అమ్మ చెప్పింది అంటాడు. పసివాడు కడుపులో ఏమీ పెట్టుకోకుండా అన్న మాట. రెండోవాడికి యావజ్జీవం గుచ్చుకుంటుంది. జాన్‌కు పెద్దయ్యాక కూడా ఒక కల వస్తూ ఉంటుంది: ఖాళీ కోటలో తండ్రి కోసం గదిగదీ వెదకుతూ చివరకు నేలమాళిగ మెట్లు దిగుతూంటాడు, నీ చోటు ఇది కాదని లోపలి రాతిరాజులు కసురుతున్నట్లు ఉంటుంది.

ఆ నేలమాళిగ సంగతి చెప్పాలి. స్టార్కు వంశపు పెద్దలంతా అందులోనే ఉన్నారు. ప్రతి ప్రభువుకూ ఒక రాతి విగ్రహం, కాళ్ళ దగ్గర రాతి తోడేలు, ఒళ్ళో నిజమైన ఇనుప కత్తి. ఆ కత్తి ఉన్నంతకాలం పెద్దాయన ఆత్మ లేచి తిరగకుండా ఉంటుందని నమ్మకం. పాతవాటి కత్తులు తుప్పుపట్టి రాలి, ఒళ్ళో ఎర్రని మరక మాత్రం మిగిలింది. ఇంకా కింద అంతస్తులున్నాయి, అట్టడుగుది కొంత కూలిపోయి ఉంది. విగ్రహాలు ప్రభువులకే చెయ్యాలని రివాజు. నెడ్ ఆ రివాజు తప్పి, తన అన్నకూ చెల్లెలికీ కూడా చేయించాడు. రివాజులు పట్టుకు వేళ్ళాడే మనిషి ఒక్క చోట రివాజు తప్పాడంటే లోపల ఎంత దుఃఖముందో రచయిత వేరే చెప్పనక్కరలేకపోయింది. మనం తద్దినం పెట్టేటప్పుడు మూడు తరాల పేర్లు వరుసగా చెప్పేసరికే పురోహితుడి ముఖం చూస్తాం. వీళ్ళకు వేల ఏళ్ళ పెద్దలు వరుసగా కూర్చుని చూస్తూ ఉంటారు. అది బలమో బరువో ఆ పిల్లలకే తెలియాలి.

ఇంత వివరంగా ఇల్లు ఊహించినవాడు ఎలాంటి ఇంట్లో పుట్టాడని వెదికి చూశాను. మార్టిన్ 1948లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బేయాన్ అనే రేవుపట్టణంలో పుట్టాడు. తండ్రి ఓడల మీద సరుకు ఎత్తి దించే కూలి. ప్రభుత్వం కట్టించిన వాటాల ఇంట్లో కాపురం. తల్లివైపు వాళ్ళు మాత్రం ఒకప్పుడు కట్టడాల వ్యాపారంలో బాగా కలిగినవాళ్ళు. 1930 ప్రాంతాల ఆర్థికమాంద్యంలో ఆస్తీ పోయింది, ఇల్లూ పోయింది. పిల్లవాడు రోజూ బడికి పోతూ ఆ పోయిన ఇంటి ముందునుంచే నడిచేవాడట. ఒకప్పుడు మనది ఇది అని తెలిసి నడవడం, లోపల వేరెవరో ఉండడం.

ఇది చదివినప్పుడు మా నాన్నగారు జ్ఞాపకం వచ్చారు. మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు, అన్నదమ్ములు నలుగురికీ పంపకం కుదరక, అమ్మకానికి పోయింది. ఊళ్ళో పెళ్ళికో పేరంటానికో వెళ్ళినప్పుడు మా నాన్నగారు ఆ వీధిన రారు. చెరువుగట్టు మీదుగా చుట్టు తిరిగి పోతారు. ఎందుకని మేమెవరం అడగలేదు.

వాటాల ఇళ్ళలో కుక్కల్నీ పిల్లుల్నీ పెంచనివ్వరు. అందుకని మార్టిన్ చిన్న చిన్న తాబేళ్ళను పెంచాడు. వాటిని ఉంచడానికి ఒక బొమ్మకోట ఉండేది. తాబేళ్ళు ఎన్నాళ్ళో బ్రతికేవి కావు. ఒకటి పోతే, రెండోది దానిని సింహాసనం కోసం కుట్ర చేసి చంపిందని కథ కట్టేవాడట! నవ్వొస్తుంది గాని, తరువాత వ్రాసిన వేల పుటలకు బీజం అక్కడే కనిపిస్తోంది. 1991 వేసవిలో ఆయన వేరే నవల వ్రాస్తుండగా, వేసవి మంచులో చచ్చిపడిన తల్లి తోడేలు, దాని పిల్లలు — ఈ దృశ్యం ఉన్నట్టుండి మనసులో మెదిలిందట. ఆ తోడేలు పిల్లల్ని తెచ్చి పెంచుకునేది స్టార్కు పిల్లలే. చేతిలో పని పక్కన పెట్టి ఇది అందుకున్నాడు.

ఇక కోట పోవడం. నెడ్ రాజధానికి వెళ్ళి అక్కడ తల పోగొట్టుకుంటాడు. పెద్దకొడుకు యుద్ధంలో ఉంటాడు. రెండవ నవలలో, చిన్నప్పటినుంచి ఆ ఇంటనే జామీనుగా పెరిగిన థియాన్ అనేవాడు, కోట ఆనుపానులు తెలుసును గనుక, కొద్దిమందితో రాత్రివేళ గోడ దాటి పట్టుకుంటాడు. ఉంచుకోలేడు. ఆపైన బోల్టన్ వంశపు రామ్సే వచ్చి ఊచకోత కోసి నిప్పు పెడతాడు. కోట తగలబడిందంటే మనవాళ్ళకు 1757 నాటి బొబ్బిలి మెదలుతుంది. కాని అక్కడి మంట పౌరుషపు మంట. ఇక్కడిది ఇంట్లో అన్నం తిన్నవాడు తలుపు తీస్తే వచ్చిన మంట. బ్రాన్, వాడి తమ్ముడు నేలమాళిగలో పెద్దల విగ్రహాల నడుమ దాగి బ్రతుకుతారు. పైకి వచ్చి చూస్తే కప్పులు లేవు, అద్దాల తోట పగిలి ఉంది, గోడలు మాత్రం నిలిచి ఉన్నాయి. ఇది విరిగింది గాని చావలేదు, నా మాదిరే — అన్న అర్థం వచ్చేటట్లు అనుకుంటాడు ఆ కాళ్ళు లేని కుర్రవాడు. వాణ్ణి బురుజు మీదనుంచి ఎందుకు తోయించాడో నాకు తెలిసివచ్చినది ఇక్కడ.

మూడవ నవలలో జాన్‌కు ఒక ఎర వస్తుంది. రాజ్యం కోసం పోరాడుతున్న స్టానిస్ అతణ్ణి పిలిచి, నీకు స్టార్కు పేరు ఇస్తాను, వింటర్‌ఫెల్ ఇస్తాను అంటాడు. చిన్నప్పుడు ఆటలో కూడా దక్కనిది! కాని స్టానిస్ కొలిచేది అగ్నిదేవుణ్ణి. దేవతల వనంలోని తెల్లని మాను కాల్చివేయాలి. మానును కాల్చి తీసుకుంటే అది ఇక తండ్రి ఇల్లు ఎలా అవుతుంది? జాన్ వద్దంటాడు. నూరు యుద్ధాలకన్న ఆ వద్దనడం గొప్పదని నా అభిప్రాయం. ఆస్తి తగాదాల్లో ఇల్లు దక్కించుకుని ఇంటివాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళను మనం చూడటం లేదూ?

టెలివిజనులో మొదటి విడతకు ఈ కోటగా చూపించిన స్థలం నిజంగానే ఉంది. ఉత్తర ఐర్లండులోని క్యాజిల్ వార్డు అనే ఎస్టేటులో పాత బురుజు ఉన్న పశువుల చావడి ఆవరణ అది. ఆ ఎస్టేటులోని అసలు మేడ కథ మరీ చిత్రం. 1760 ప్రాంతాల కట్టించిన బెర్నార్డు వార్డు గారికి గ్రీకు రోమను పద్ధతి ఇష్టం. ఆయన భార్య ఆన్ గారికి గోథిక్ మోజు. ఇద్దరూ తగ్గలేదు. మేడకు ముందువైపు ఆయన పద్ధతి, వెనకవైపు ఆవిడ పద్ధతి. లోపలి గదులు కూడా అంతే. చివరకు దంపతులు విడిపోయారు, మేడ మాత్రం ఇప్పటికీ రెండు ముఖాలతో నిలబడి ఉంది. నెడ్ దొర కిటికీ తెరవడంతో సరిపెట్టుకున్నాడు, నయమే.

అన్నిటికంటె నాకు నచ్చిన ఘట్టం ఈ మూడవ నవల చివర్లోనే ఉంది. పెద్దకూతురు సాన్సా ఎక్కడో కొండమీది పరాయి కోటలో దాగి ఉంటుంది. ప్రాణభయంతో పేరు మార్చుకుంది; ఎవరి కూతురని అడిగితే వేరేవాడి పేరు చెప్పాలి. ఒక తెల్లవారుజామున పెరట్లో కొత్త మంచు పడి ఉంటే, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా, మంచు ముద్దలు చేస్తూ కూర్చుంటుంది. ఏమి కడుతున్నదో మొదట తనకే తెలియదు. ప్రాకారం వచ్చింది, బురుజు వచ్చింది, పెద్ద మేడ వచ్చింది. అప్పుడు తెలుస్తుంది, అది వింటర్‌ఫెల్. వంతెనలు నిలవక కూలిపోతుంటే ఒకడు వచ్చి, పుల్ల ఆధారంగా పెట్టి మంచు మెత్తమని ఉపాయం చెబుతాడు. ఒక్కొక్క మూల, ఒక్కొక్క మెట్టు చేతులకే జ్ఞాపకం ఉంది. పేరు చెప్పుకోవడానికి వీలులేని పిల్ల నోరు విప్పకుండా తానెవరో చెప్పుకున్నట్లయింది. ఇంతలో ఆ ఇంటి జబ్బు పిల్లవాడు బొమ్మ పట్టుకుని వచ్చి కోటను చిందరవందర చేస్తాడు. ఎన్నడూ చెయ్యెత్తని సాన్సాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చి ఆ బొమ్మను చించివేస్తుంది. మా క్లాసు పిల్లలకు ఈ ఘట్టం తెలుగులో చెప్పాను. ఎప్పుడూ గోల చేసే చివరి బెంచీ ఆనాడు గోల చేయలేదు.

టెలివిజను వారు కథ ముగించివేశారు. 2016లో జాన్, సాన్సా కలిసి కోటను తిరిగి పట్టుకున్నారు. 2019లో చచ్చి నడిచే సేనలతో ఆ కోట ముంగిటనే రాత్రియుద్ధం జరిగింది, తెర మరీ చీకటిగా ఉందని చాలామంది విసుక్కున్నారు కూడా. ఆఖరికి సాన్సా అక్కడ రాణి అయింది. చూసేవాళ్ళకు నిశ్చింత.

పుస్తకాలు చదివేవారికి ఆ నిశ్చింత లేదు. ఏడు నవలలన్నారు, అయిదు వచ్చాయి. అయిదవది "ఏ డాన్స్ విత్ డ్రాగన్స్" 2011లో వెలువడింది. ఆరవదానికోసం పాఠకులు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నారు. అయిదవ నవల ముగిసేనాటికి కోటలో ఉన్నది బోల్టన్లు. కాలిన కప్పులకు తాత్కాలికంగా కొయ్యలు వేయించి, స్టార్కు పిల్ల అని ఎవరో అమాయకురాలిని చూపించి, దేవతల వనంలో మాను ముందే పెళ్ళి జరిపించారు. ఆ వేడినీళ్ళు ఇప్పటికీ గోడల్లో పారుతూనే ఉన్నాయి, కాపలావాళ్ళు మాత్రం చలికి వణుకుతున్నారు. బయట స్టానిస్ సేన మంచులో కూరుకుపోయి ఉంది. ఒకనాడు బోల్టన్ల బంధువర్గంలోని ఒక విధవరాలు నేలమాళిగ చూడాలని దీపం పట్టించుకుని దిగుతుంది. దారి చూపించడానికి వెంట వెళ్ళినవాడు థియాన్, కోటను పోగొట్టినవాడే. వరుసగా నడుస్తూ ఉండగా కొన్ని విగ్రహాల ఒళ్ళో కత్తులు కనిపించవు. ఎవరో తీసుకుపోయారు. కత్తి లేకపోతే పెద్దల ఆత్మలు లేచి తిరుగుతాయన్న మాట థియాన్‌కు గుర్తుకు వచ్చి ఒళ్ళు జలదరిస్తుంది. పిల్లలతో నేలమాళిగలో దాగినవాళ్ళు పోతూ పోతూ పట్టుకుపోయిన కత్తులవి. ఆ సంగతి చదివేవారికి తెలుసు గాని కోటలో ఎవరికీ తెలియదు.